గచ్చిబౌలి చినుకు ఎటు పోతుంది?

రాయదుర్గం గుట్ట మీద పడిన వాన చినుకు పల్లం వెతుక్కుంటూ దుర్గం చెరువుకో, మల్కం చెరువుకో చేరుతుంది. అక్కడి నుంచి టోలీచౌకి వైపు దిగి చివరికి మూసీలో కలుస్తుంది. మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అదే మబ్బు కొన్ని కిలోమీటర్లు వాయవ్యానికి జరిగి, లింగంపల్లి దాటాక పటాన్‌చెరు వైపు కురిస్తే ఆ నీటి దారే వేరు. నక్కవాగులో పడి మంజీరకు పోతుంది, మంజీరతో పాటు కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. పొద్దున బస్సెక్కి అరగంటలో దాటేసే ఆ దూరంలో దక్షిణాదిలోని రెండు పెద్ద నదుల నీళ్లు విడిపోతున్నాయి.

పెంకుటింట్లో పెరిగినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. కొప్పుకు ఇవతల పడిన వాన వాకిట్లోకి కారుతుంది, అవతల పడింది పెరట్లోకి కారుతుంది. నేలకూ అలాంటి కొప్పులుంటాయి. గుట్టల వరుస, చిన్న మిట్ట, కంటికి ఆననంత ఎత్తు ఏదైనా సరే, దానికి ఒక పక్కన పడిన నీరంతా ఏ చెరువుకు, ఏ వాగుకు చేరుతుందో ఆ నేల మొత్తం దాని పరీవాహక ప్రాంతం. ఇంజినీర్లు వాటర్‌షెడ్ అనేది దీన్నే. ఒక కుంటకు కొన్ని ఎకరాల పరీవాహకం ఉంటుంది. అలాంటి కుంటలు కొన్ని కలిస్తే ఒక చెరువు పరీవాహకం, చెరువులన్నీ కలిస్తే మూసీది, మూసీ లాంటివి ఎన్నో కలిస్తే కృష్ణది. మనం కాపురముంటున్న ప్రతి ఫ్లాటూ, పని చేస్తున్న ప్రతి ఆఫీసూ ఏదో ఒక చెరువు పరీవాహకంలోనే ఉంది.

తెలంగాణ రైతుకు ఇది పుస్తకంలో చదివిన విషయం కాదు. ఏ గుట్ట నీళ్లు తన చెరువుకు వస్తాయో, ఏ ఒర్రె తెగితే చెరువు నిండదో ఆయనకు తెలుసు. కాకతీయుల కాలం నుంచీ ఈ నేల మీద చెరువులను గొలుసుకట్టుగా కట్టారు. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీరు ఒర్రెలో పడి కింది కుంటకు పోతుంది, అదీ నిండితే దాని కింది చెరువుకు. ఖాజాగూడ, నానక్‌రాంగూడ, నల్లగండ్ల, మాదాపూర్ ఒట్టి ఊళ్లుగా ఉన్న రోజుల్లో ఊరికో కుంటో చెరువో ఉండేది, వాటి మధ్య ఒర్రెలుండేవి. కట్ట నీటిని ఆపేది, తూము పొలాలకు వదిలేది, మత్తడి ఎక్కువైన నీటిని దాటించేది. నీళ్లు తగ్గాక బయటపడే శిఖం భూమిలో జనం పంట వేసుకునేవాళ్లు. మళ్లీ వానలొస్తే ఆ భూమిని చెరువుకే వదిలేసేవాళ్లు.

ఇప్పుడు వార్తల్లో రోజూ వినిపించే ఎఫ్‌టీఎల్ అనే మాట ఇక్కడిదే. నీరు మత్తడి అంచును తాకినప్పుడు చెరువు ఎంత మేర పరుచుకుంటుందో ఆ హద్దు పేరే ఎఫ్‌టీఎల్. వేసవిలో ఎండి కనిపించినంత మాత్రాన అది ఖాళీ జాగా అయిపోదు. ఆ హద్దు చుట్టూ వదలాల్సిన మేరను బఫర్ జోన్ అంటారు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువులకు 30 మీటర్లు వదలాలి, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు. నాలాలకూ ఇలాంటి కొలతలున్నాయి. ఈ హద్దులు కావాల్సిందే, కాపాడుకోవాల్సిందే. కానీ చెరువుకు నీరు వచ్చేది ఆ 30 మీటర్ల నుంచి కాదు. కిలోమీటర్ల దూరం నుంచి వస్తుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

దుర్గం చెరువునే చూద్దాం. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరు ఇచ్చిన చెరువు ఇది. రెండు పక్కలా గుట్టలు కమ్ముకుని ఉండడంతో దగ్గరికి వెళ్తే తప్ప కనపడేది కాదు, అందుకే దీన్ని రహస్య చెరువు అనేవారు. ఒక రాజధాని కోట తాగిన నీరంటే అది ఎంత శుభ్రంగా ఉండి ఉండాలి! ఆ శుభ్రత చెరువు గొప్పతనం కాదు, పైనున్న నేల గొప్పతనం. రాళ్లు, వాటి మధ్య మట్టి, గడ్డి, పొదలు. వాన నీరు వాటి గుండా మెల్లగా వడకట్టుకుంటూ దిగేది. కొంత మట్టిలో ఇంకి, వానలు వెళ్లిపోయాక కూడా ఊటగా చెరువులోకి ఊరుతూ ఉండేది.

1998లో సైబర్ టవర్స్ మొదలైంది. తర్వాతి పాతికేళ్లలో ఆ చెరువుకు నీరిచ్చిన నేల రూపు మారిపోయింది. మాదాపూర్, కావూరి హిల్స్, రాయదుర్గం వైపు నుంచి రోడ్లు, పైకప్పులు, పార్కింగ్ జాగాలు వచ్చాయి. చెరువులోకి వచ్చే నీరు ఆగలేదు, దాని గుణం మారింది. వానాకాలంలో రోడ్ల మీది నూనె, టైర్ల పొడి, చెత్త కొట్టుకొచ్చాయి. మిగతా కాలమంతా మురుగు వచ్చింది.

మురుగు చెరువులో ఏం చేస్తుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. బట్టల సబ్బులోనూ, మనిషి మలమూత్రాల్లోనూ ఉండే నత్రజని, భాస్వరం మొక్కలకు ఎరువులు. చెరువులో పడితే గుర్రపుడెక్కకు, పచ్చటి నాచుకు విందు. అవి రోజుల్లోనే నీటిని కప్పేస్తాయి. కింద వెలుతురు ఉండదు. చచ్చిన నాచునూ మురుగునూ కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను పీల్చేసుకుంటాయి. సాధారణంగా చేపలు బతకాలంటే లీటరు నీటికి నాలుగు మిల్లీగ్రాముల ఆక్సిజన్ అయినా ఉండాలి. అది పడిపోయిన తెల్లవారుజామున చేపలు నోళ్లు పైకి తెరిచి ఉపరితలానికి వస్తాయి, పొద్దెక్కేసరికి వెల్లకిలా తేలుతాయి. ఎవరో విషం కలిపారని జనం అనుకుంటారు. చాలాసార్లు ఆ విషం మనందరి బాత్‌రూమ్‌ల నుంచి వచ్చిందే.

2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచారు. రాత్రి దీపాల్లో అందంగా ఉంటుంది, కాదనను. చుట్టూ నడక దారి వేశారు, పడవలు తిప్పారు. 2023లో రోజుకు 70 లక్షల లీటర్ల మురుగును శుద్ధి చేసే ప్లాంటు కూడా ఇక్కడ ప్రారంభమైంది. వీటన్నిటిలోకీ అసలైన పని ఆ చివరిదే. మన దగ్గర చెరువు అభివృద్ధి అంటే కంచె, టైల్స్, ఫౌంటెన్, సెల్ఫీ పాయింట్. కొన్నిచోట్ల మురుగు రాకుండా ఒడ్డు వెంట పైపు వేసి చెరువు కిందికి మళ్లిస్తారు. ఎండాకాలంలో ఇది పనిచేస్తుంది. కానీ మురుగు, వాన నీరు ఒకే నాలాలో వచ్చేచోట మురుగుతో పాటు వాన నీరూ పక్కకు పోతుంది. పెద్ద వాన పడితే పైపు పట్టలేక రెండూ కలిసి చెరువులో పడతాయి. పై కాలనీల్లో మురుగు పైపును, వాన కాల్వను వేరు చేయనంతకాలం కింద ఎన్ని కోట్లు పెట్టినా ఆ చెరువు రోగం కుదరదు.

ఇక నేల కింది సంగతి. మన కాళ్ల కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. ఇసుక నేలల్లో మాదిరిగా దీనిలో నీరు అంతటా పట్టదు. పైన కొన్ని మీటర్ల మందాన రాయి చివికి మొరంగా మారిన పొర ఉంటుంది. వాన నీరు నిలవుండేది ముఖ్యంగా అందులోనే. దాని కింద గట్టి రాయి, ఆ రాయిలో అక్కడక్కడా పగుళ్లు. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి, అందుకే వెయ్యి అడుగుల బోరు వేసినా దుమ్ము లేస్తుంది. మన భూగర్భ జలమంతా ఆ పలుచటి మొరం పొర దయ మీద ఆధారపడి ఉంది.

ఆ పొరకు ఐటీ కారిడార్‌లో ఏమవుతోందో చూడాలంటే నానక్‌రాంగూడ వైపు కొత్తగా తవ్వుతున్న ఏ సెల్లారు అంచుకైనా వెళ్లి చూడండి. నాలుగైదు అంతస్తుల లోతుకు దిగిన గుంట, నిట్టనిలువు గోడలు. పైన ఎర్రమట్టి, దాని కింద పసుపు, గోధుమ రంగుల్లో చేత్తో గిల్లితే రాలే మొరం, అడుగున డ్రిల్లింగ్ గీతలతో నల్లబారిన రాయి. మొరం, రాయి కలిసేచోట గోడ చెమర్చి ఉంటుంది, సన్నగా నీరు కారుతుంటుంది. ఆ నీరు అడుగున చేరితే పని సాగదు కాబట్టి రాత్రింబవళ్లు మోటారు నడుస్తుంది. నీలం పైపు ఒకటి రోడ్డు దాకా వచ్చి ఆ నీటిని కాల్వలో పోస్తుంటుంది. పక్క గేటులోంచి అదే సమయంలో నీళ్ల ట్యాంకరు లోపలికి వెళ్తుంటుంది. భవనం పూర్తయ్యాక సెల్లారు గోడ ఈ హద్దు నుంచి ఆ హద్దు దాకా ఉంటుంది. ఇంకుడు గుంత తవ్వుదామన్నా కింద మట్టి ఉండదు. ఇంకుడు గుంత తప్పనిసరి అని నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచీ చెబుతూనే ఉంది. మట్టినంతా తీసేశాక నీరు ఎక్కడ ఇంకాలి? నా దృష్టిలో ఈ ప్రాంతపు భూగర్భ జలానికి జరిగిన అతి పెద్ద నష్టం ఇదే. దీని గురించి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ.

ఒక లెక్క వేసి చూద్దాం. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఒక ఎకరం నేల మీద అది దాదాపు 32 లక్షల లీటర్లు. పది సెంటీమీటర్ల వాన ఒక్క రోజులో పడితే ఎకరానికి నాలుగు లక్షల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనభై. మట్టి నేల అయితే అందులో కొంత ఇంకేది, కొంత గడ్డిలో ఆగేది, మిగిలింది గంటల తరబడి మెల్లగా దిగేది. కాంక్రీటు మీద దాదాపు మొత్తం నిమిషాల్లో రోడ్డు మీదికి వస్తుంది. శిల్పారామం ముందు, ఐకియా కూడలిలో, బయోడైవర్సిటీ జంక్షన్‌లో మోకాళ్ల లోతు నీరు నిలిచేది ఇందుకే. 2020 అక్టోబరు వానలకు టోలీచౌకి నదీం కాలనీ రోజుల తరబడి నీటిలో మునిగి ఉంది. ఎగువ గుట్టల మీద మనం ఆపని నీరే దిగువ పేట ఇళ్లలోకి వెళ్తోంది. ఈ మాట గాజు భవనాల్లో పనిచేసే మనం తప్పక ఒప్పుకోవాలి.

ఈ లెక్కనే కంచ గచ్చిబౌలికి వర్తింపజేయండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న ఆ 400 ఎకరాల మీద ఏడాదికి సుమారు 130 కోట్ల లీటర్ల వాన పడుతుంది. గ్రానైట్ నేలలో పదో వంతు ఇంకిందనుకున్నా పదమూడు కోట్ల లీటర్లు, అంటే 26 వేల ట్యాంకర్ల నీరు ఏటా భూమిలోకి చేరుతుంది. 2025 మార్చి చివర ఆ నేలను చదును చేయడానికి బుల్డోజర్లు దిగినప్పుడు జింకల గురించి, నెమళ్ల గురించి అందరం మాట్లాడాం. మాట్లాడవలసిందే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. అయితే ఆ చర్చలో ఈ నీటి లెక్క తగినంతగా వినపడలేదని నాకు అనిపించింది. ఎన్నో కోట్లు పెట్టి కట్టే నీటి పథకం చేసే పనిలో కొంత ఆ పొదలూ రాళ్లూ ఎవరికీ బిల్లు వేయకుండా చేస్తున్నాయి.

ఎగువ నేలను కాపాడితేనే నీరు దక్కుతుందని ఈ నగరానికి తెలియక కాదు. ఒకప్పుడు దేశానికే దారి చూపించింది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన రెండు జలాశయాలు కట్టారు. 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్. వరదను ఆపడానికి మొదలైన కట్టలు నగరానికి తాగునీరూ ఇచ్చాయి. ఉస్మాన్‌సాగర్ నీరు మోటారు అక్కర్లేకుండా పల్లానికి పారుతూ ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా వచ్చేది. కోకాపేట టవర్ల పైనుంచి కనపడే గండిపేట చెరువు అదే.

ఈ రెండు జలాశయాల రక్షణకు 1996 మార్చి 8న వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు జీవో 111 గొప్పతనం ఏమిటంటే అది ఒడ్డును చూడలేదు, పరీవాహకాన్ని చూసింది. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దంది. అంతకుముందు నుంచీ ఉన్న ఆంక్షలను దాటి శంషాబాద్ దగ్గర పెద్దషాపూర్‌లో ఒక ఆముదం ఉత్పత్తుల ఫ్యాక్టరీ రాబోతే వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. జాగ్రత్తలు తీసుకుంటామని కంపెనీ అంది, ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది. అక్కడి రసాయనాలు భూమిలోకి దిగితే భూగర్భ జలం మీదుగా చెరువుకు చేరే ముప్పు ఉందని మన హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు నివేదిక ఇచ్చారు. హాని జరగదని నిరూపించాల్సిన బాధ్యత ఫ్యాక్టరీ పెట్టేవాళ్లదేనని, లక్షలమంది తాగే నీటి విషయంలో ఇలాంటి మినహాయింపులు చెల్లవని 1999, 2000 తీర్పుల్లో కోర్టు తేల్చింది. దేశమంతా పర్యావరణ కేసుల్లో ఇప్పటికీ ఉదహరించే ఆ తీర్పు పుట్టింది హిమాయత్‌సాగర్ నీళ్ల కోసం.

2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తేయడానికి ప్రభుత్వం సిద్ధమైంది, 2023 మేలో 111ను రద్దు చేస్తామని మంత్రివర్గం ప్రకటించింది. జంట జలాశయాల నీరు ఇప్పుడు నగర అవసరాల్లో చాలా చిన్న భాగమే కదా అన్నది వాదన. ఆ 84 గ్రామాల రైతులు పాతికేళ్లుగా భూమి విలువ పెరగక నష్టపోయారన్న బాధ నిజమైనదే, వాళ్లకు నగరం ఏదో ఒక రూపంలో బాకీ ఉంది. కానీ నీటి వాదన నిలవదు. ఇప్పుడు మనం తాగుతున్న కృష్ణా నీరు నాగార్జునసాగర్ నుంచి వస్తుంది. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 1,750 అడుగుల ఎత్తున ఉంది. నూరు కిలోమీటర్లకు పైగా పైపుల్లో నడిపించి, దాదాపు 1,200 అడుగులు ఎత్తి పోస్తే తప్ప మన నల్లాలోకి ఆ నీరు రాదు. గోదావరి నీరు ఇంకా దూరం, ఎల్లంపల్లి నుంచి. దానికి కరెంటు బిల్లు కట్టేది మనమే. గుమ్మం ముందుకు పల్లానికి వచ్చే నీటిని పాడుచేసుకుని, దూరపు నీరు ఉందిలే అనుకోవడం తెలివైన లెక్క కాదు.

న్యూయార్క్ నగరం ఇలాంటి చోటే మరో దారి ఎంచుకుంది. ఎగువ క్యాట్‌స్కిల్ కొండల నుంచి వచ్చే నీటికి వందల కోట్ల డాలర్లతో ఫిల్టర్ ప్లాంటు కట్టడం కంటే ఆ కొండల్నే కాపాడుకోవడం చవక అని లెక్క తేల్చుకుని, 1997లో ఎగువ గ్రామాలతో ఒప్పందం చేసుకుంది. నగరం డబ్బిచ్చి అక్కడి రైతుల పశువుల కొట్టాలను, ఇళ్ల సెప్టిక్ ట్యాంకులను బాగుచేయించింది, అమ్మదలచినవారి భూమి కొన్నది. ఎగువ రైతుకు నష్టం రాకుండా దిగువ నగరం భరించింది. 84 గ్రామాల విషయంలో మనం ఎన్నడూ చేయని పని అదే.

చెరువుల ఆక్రమణల మీద 2024 జులైలో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. ఆగస్టులో మాదాపూర్ తమ్మిడికుంటలో ఫంక్షన్ హాలు కూల్చడం, దుర్గం చెరువు చుట్టుపక్కల ఇళ్లకు నోటీసులు వెళ్లడంతో ఎఫ్‌టీఎల్ అన్న మాట టీ కొట్టు దాకా వచ్చింది. తర్వాత మాదాపూర్‌లోనే సున్నం చెరువు దగ్గర బోర్లు వేసి ట్యాంకర్లతో అమ్ముతున్న నీటిని పరీక్ష చేయిస్తే సీసం పరిమితికి మించి ఉన్నట్టు 2025లో బయటపడింది. సీసం వాసన రాదు, రుచి మారదు, మరిగిస్తే పోదు. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ట్యాంకరు నీరు తెల్లగా ఉంది కదా అని వాడేసేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. ఆ నీరు ఎక్కడి బోరుదో అడగడం మీ హక్కు.

ఇది చదివాక మీ అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లతో కలిసి కొన్ని పనులు చేయండి. ఫ్లాటు కొనబోయే ముందు హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో ఆ చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాపు తెరిచి చూడండి. మీ సొంత మురుగు శుద్ధి ప్లాంటు (ఎస్‌టీపీ) నిజంగా నడుస్తోందో, కరెంటు ఖర్చు మిగులుతుందని రాత్రిళ్లు ఆపేస్తున్నారో కనుక్కోండి. సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేసే బండి ఎక్కడ పారబోస్తుందో అడగండి. అన్నిటికంటే ముందు, ఈ వానాకాలం రాకముందే ఒక ఆదివారం మీ డాబా మీది వాన పైపు వెంట కిందిదాకా నడవండి. చాలా భవనాల్లో అది సెల్లారులో మురుగు మ్యాన్‌హోల్‌కే కలిపి ఉంటుంది. మీ భవనంలో అలా ఉంటే ప్లంబర్‌ను పిలిచి విడదీయించండి, ఆ నీటిని ఇంకుడు గుంతకు మళ్లించండి. అది ఒక పూట పని.